అత్తగారు తోడేసిన పాచినీళ్ళు

అన్యాయం జరిగింది వరాలుకి. ఎప్పుడంటే శ్రావణమాసం మొదటి శుక్రవారం, పొద్దున ఆరింటికి. చేసింది సొంత అత్తగారు అచ్చియ్యమ్మ. ఊ కొట్టండి, కొట్టకపోతే ఇక్కడితో ఆపేస్తా!

అనగనగా ఒక పట్నం, పట్నంలో ఒక మేడ. మేడ మీద వరాలు పెద్ద తొట్టె పెట్టి ఇరవై చేపపిల్లల్ని వేసింది. పక్కనే గులకరాళ్ళు పోసిన ట్రేలో బచ్చలి. చేప తింటుంది, తిన్నది విడుస్తుంది, విడిచింది నీళ్ళలో కలుస్తుంది, నీళ్ళు మోటారెక్కుతాయి, మోటారు రాళ్ళకిస్తుంది, రాళ్ళు వేళ్ళకిస్తాయి, వేళ్ళు బచ్చలికిస్తాయి. తేరిన నీళ్ళు మళ్ళీ చేపకే!

అత్తగారికి ఒళ్ళు మండింది. బజార్లో చేపలకి కరువొచ్చిందా అంది. దసరా వెళ్ళిన ఆదివారానికి ఇందులోంచి ఒక పూట కూర రాకపోతే తొట్టె పాత సామాన్లవాడికే అంది. మొగుడేమన్నాడంటారా? ఏమంటాడు, పేపరు తిరగేశాడు.

ఆ శుక్రవారం ఇల్లు కడిగిన ఊపులో అచ్చియ్యమ్మ మేడెక్కింది. రాత్రి మిగిలిన బిందెడు నీళ్ళే పాచివని పారబోసే మనిషి, నెలలనాటి నీళ్ళు చూస్తే చెయ్యి ఊరుకుంటుందా? తర్వాత పారబొయ్యొచ్చని సగానికి పైగా పక్కనున్న డ్రమ్ములోకి తోడేసి, తొట్టె నిండా కుళాయినీళ్ళు పట్టింది. గుప్పుమని బ్లీచింగు వాసన! చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయి. రెండు వెల్లకిలా పడ్డాయి. ఊ కొడుతున్నారా, ఏడుస్తున్నారా?

పైకొచ్చి చూసిన వరాలు ఏడవలేదు, అరవలేదు.

"అత్తయ్యా, నిన్నటి పెరుగు పాచిదని గిన్నె తోమేస్తే, ఇవాళ పాలు తోడుకుంటాయా?"

"తిక్క ప్రశ్నలెయ్యకే. తోడు లేకుండా ఎలా తోడుకుంటాయి?"

"ఈ నీళ్ళకి ఆ పాచే తోడు, చేపల మురికిని బచ్చలికి ఎరువు చేసేది అదే. మీరు తోమేశారు."

అచ్చియ్యమ్మ కొంగు బిగించింది. ఇద్దరూ కలిసి తొట్టెలో కొత్తనీళ్ళు తోడేశారు, డ్రమ్ములో పాతనీళ్ళు పోశారు. ఇంకా మిగిలిన బ్లీచింగు ఎగిరిపోవాలని తొట్టెలో నీళ్ళని కాఫీ చల్లార్చినట్టు చెంబులతో ఎత్తిపోశారు, ఎత్తిపోశారు, భుజాలు పడిపోయేదాకా ఎత్తిపోశారు. పద్దెనిమిది బతికాయి.

ఆ తర్వాత తొట్టె దగ్గరికి ఎవరైనా మగ్గు పట్టుకొస్తే అచ్చియ్యమ్మే చేతిమీద కొట్టేది. గడువునాటికి పులుసు ఉడికింది, బచ్చలి పప్పు ఉడికింది, మొగుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు.

శుభ్రం మంచిదే నాయనా. ఎదుటివాళ్ళ గిన్నె తోమేముందు అందులో ఏముందో అడగండి. కథ కంచి బస్సెక్కింది, మీరు దుప్పట్లోకి దూరండి.

గడువునాటికేనా అని అనుమానమా? అత్తగారు కేలండరు మీద సొంత చేత్తో రాసింది: అక్టోబరు ఇరవై ఐదు, ఆదివారం. చేపలు నాలుగు, కిలో నూటయాభై గ్రాములు.