తాడు పట్టినవాడు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా చిన్నాయన ఓబులేశు. నల్లమలలో వెదురు బండ్లు తోలినవాడు. ఆయన చెంచు ఈదన్న నోటనే విన్నాడు. తర్వాత చెప్పినవాళ్ళు దీనికి చాలా అతికించారు. నేను అతికించను. విన్నది విన్నట్టు చెబుతాను.

శరభలింగం పలకల గనుల ఊరివాడు. చదువుకున్నవాడు. వాళ్ళన్న గనిలో రాయి తీసేవాడు. ఒకరోజు పొద్దున పని మధ్యలో తలపాగా వదులైంది. బిగించుకుందామని ఒక్క అడుగు పక్కకు జరిగి కూర్చున్నాడు. సరిగ్గా అక్కడే పైనుంచి రాతిచెక్క ఊడిపడింది. అంతే. జరగకుండా ఉంటే బతికేవాడు.

ఊళ్ళో అందరూ తలా ఒకటి చెప్పారు. కర్మ అన్నారు, నుదుటి రాత అన్నారు, గంగమ్మకు కోడిని కోయలేదన్నారు. శరభలింగం అందరినీ ఒకటే అడిగాడు.

"తలపాగా వదులవడం ఏ కర్మ?"



ఎవరి దగ్గరా జవాబు లేదని తేలాక అతనికి అదే పట్టుకొమ్మ అయింది. ఈ లోకాన్ని ఎవరూ చూసుకోవడం లేదు, దీనికొక లెక్క లేదు, ఇది పోవాల్సిన చోటంటూ లేదు. ఆ మాట పట్టుకుని మఠాలన్నీ తిరిగాడు. పెద్ద పెద్దవాళ్ళ నోళ్ళు మూయించాడు. గెలిచిన ప్రతిసారీ గర్వంగా లేచేవాడు. గుమ్మం దాటేసరికి ఆ గర్వం మిగిలేది కాదు. చివరికి అడవిలో గుడిసె వేసుకుని ఉన్న గుండప్పస్వామి దగ్గరికి చేరాడు.

గుండప్పస్వామి వాదానికి దిగేవాడు కాదు. శరభలింగానికి అది పెద్ద చిక్కు అయింది.

"స్వామీ, ఈ లోకానికి అర్థముందా?"

"నాకైతే కనిపించలా," అన్నాడు స్వామి, చిక్కుడుపాదుకు నీళ్ళు పోస్తూ.

"మరి పొద్దున్నే ఎందుకు లేస్తారు?"

"చిక్కుడుకు నీళ్ళు పోయాలి గదా."

"పోయకపోతే?"

"ఎండిపోతుంది."

"ఎండిపోతే ఏమవుతుంది?"

స్వామి చెంబు కింద పెట్టి అతని మొహంలోకి చూశాడు.

"మబ్బు పడుతోంది. కట్టెలు లోపల పెట్టు," అన్నాడు.

ఇదీ వాళ్ళ వరస. అడిగేవాడికి విసుగొచ్చేది గానీ చెప్పేవాడికి రాలేదు.

గుడిసె వెనక తేనెబండ అని నిట్టనిలువు కొండచరియ ఉంది. సాయంత్రాలు శరభలింగం పోయి దాని అంచున కూర్చునేవాడు. కాళ్ళు కిందికి వేలాడేసి గులకరాళ్ళు ఒక్కొక్కటే వదిలేవాడు. రాయి కింద తగిలిన చప్పుడు పైకి రావడానికి చాలాసేపు పట్టేది. దానికోసం చెవి ఒగ్గేవాడు. రోజురోజుకూ అంచుకు ఇంకాస్త దగ్గరగా జరుగుతున్నాడని స్వామి కనిపెట్టాడు. సంకటి రెండాకుల్లో పెట్టుకుని, అతను వెనక్కి వచ్చేదాకా ముట్టేవాడు కాదు.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం ఈదన్న, అతని పెళ్ళాం బయమ్మ వచ్చారు. బయమ్మ చంకలో బిడ్డ. ఈదన్న భుజం మీద తాడుచుట్ట.

తేనెబండ పొట్టలో పెద్ద తేనెపట్లుంటాయి. తీయాలంటే తాడు మీద దిగాలి. ఆ పెంటలో, అంటే వాళ్ళ గూడెంలో, చెంచులకు ఒక కట్టుబాటుంది. దిగేవాడి తాడును అతని పెళ్ళాం తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ములు కూడా పట్టకూడదు. వాళ్ళకు మనసులో ఏ మూల ఏముంటుందో ఎవరికి తెలుసు? చెల్లెలి బొట్టు తన చేత్తో తుడిచే అన్న మాత్రం ఉండడని వాళ్ళ ధైర్యం.

"సామీ, అంకయ్యకు జరం దిగలా," అన్నాడు ఈదన్న. అంకయ్య బయమ్మ అన్న. "లేచి నిలబడలేకున్నాడు. మబ్బేమో కమ్ముకొస్తోంది. వాన పడితే తేనెటీగలు పట్టులో ఉన్న తేనె తాగేసి లేచిపోతాయి. ఆ తేనె ఇస్తేనే జొన్నలు వచ్చేది. ఏం చేసేది?"

స్వామి శరభలింగం వైపు చూపించాడు. "ఇతను పడతాడు."

బయమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"నేను నీకు ఏమవుతాను?" అని అడిగింది.

శరభలింగం అబద్ధమాడడు. అదొక పొగరు అతనికి. "ఏమీ కావు. ఎవరికీ ఎవరూ ఏమీ కారు," అన్నాడు.

"విన్నావు గదా. పద," అంది మొగుడితో.

"పద అంటే ఎక్కడికి? ఖాళీ కుండలోకా?" అన్నాడు ఈదన్న. కదల్లేదు.

కొండ అవతల ఉరిమింది.

"దీనికి మనిషెందుకు?" అన్నాడు శరభలింగం. "తాడు చెట్టుకు కడతాను. మా గనుల్లో మేకుకు కడతారు. చెట్టుకు చుట్టరికం అక్కర్లేదు, జరం రాదు."

అందరూ బండ మీదికి పోయారు. అంచుకు కాస్త ఇవతల నల్లమద్ది చెట్టుంది. శరభలింగం దాని మొదలుకు గనుల ముడి వేశాడు. కాలు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగి చూపించాడు.

"ఏనుగు గుంజినా ఊడదు."

ఈదన్న వంగి ముడిని మెచ్చుకోలుగా తడిమాడు. "ముడి బాగుంది. అంచు దగ్గర తాడు ఒరుసుకుంటే ఈ చెట్టు చూస్తుందా?"

శరభలింగం అంచు వైపు చూశాడు.

"నేను కింది నుంచి గుంజితే వదులుతుందా? ఆడిస్తే లాగుతుందా? పొగకు నా కళ్ళు తిరిగితే దానికి తెలుస్తుందా?"

"తెలియదు."

"మరి?" అన్నాడు ఈదన్న.

స్వామి వచ్చి ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముసలి గోళ్ళు. చాలాసేపు పట్టింది. విప్పిన తాడును రాతికొమ్ముకు ఒక చుట్టు తిప్పి, కొస తన నడుముకు బిగించుకుని, కాళ్ళు బండకు తన్నిపెట్టి కూర్చున్నాడు. ఆ కాళ్ళు చూస్తే ఎండుకట్టెలు.

"దిగు ఈదన్నా."

"మీరు పట్టలేరు సామీ."

"పట్టలేను. దిగు."

ఈదన్న మబ్బు వైపు చూశాడు. బయమ్మ చంకలో బిడ్డ వైపు చూశాడు. పొగకాగడా నడుముకు దోపుకుని, ఒక కాలు అంచు అవతల వేశాడు. రెండోదీ వేశాడు.

తాడు బిగిసింది. ముసలాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే బండ మీద జానెడు జారాడు. ఇంకో జానెడు జారాడు. ఆయన జారుతున్న చోటు శరభలింగం రోజూ కూర్చునే చోటే. అక్కడ అతను మిగిల్చిన గులకరాళ్ళు ఇంకా కుప్పగా ఉన్నాయి. స్వామి మడమ తగిలి ఒక రాయి కిందికి పోయింది.

దాని చప్పుడు వచ్చేదాకా శరభలింగం ఆగలేదు. ఉరికి వచ్చి తాడు పట్టేశాడు.

"వదలండి స్వామీ. నాకివ్వండి."

"నేనెవర్ని ఇవ్వడానికి? ఆ పిల్ల ఒప్పుకోవాలి," అన్నాడు స్వామి.

బయమ్మ బిడ్డను కింద దించింది. కొంగుమూటలోంచి జొన్నసంకటి ముద్ద తీసి అతని నోటిముందు పెట్టింది.

"తిను. నా చేతిముద్ద తింటే నాకు అన్నవి."

"అది నిజం కాదు గదమ్మా."

"ఇప్పటిదాకా కాదు. తిను."

అంచు దగ్గర ఈదన్న తల మాత్రం కనిపిస్తోంది. "బేగి నములు బావా. ఇక్కడ నా చేతులు పీకుతున్నాయి," అన్నాడు.

శరభలింగం రెండు చేతులూ తాడులో ఉన్నాయి. నోరు తెరిచాడు.

తాడు కొస స్వామి నడుము నుంచి అతని నడుముకు మారింది. ఈదన్న తల కనుమరుగైంది.

ఆ తర్వాత అంతా తాడే. కింది నుంచి గుంజితే వదలాలి. ఆపితే ఆగాలి. అంచు దగ్గర ఒరుసుకున్నప్పుడు కాలితో తోలుముక్కను తాడు అడుగుకు నెట్టాలి. ఈదన్న ఎటు ఊగుతున్నాడో, ఎప్పుడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడో అతని అరచేతులకు తెలుస్తోంది. పొగ పైకొచ్చింది. పొగ వెంట ఈగలు వచ్చాయి. నుదుటి మీద కుట్టాయి, కనురెప్పల మీద కుట్టాయి, పెదవి మీద కుట్టాయి. తోలుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. బయమ్మ చిన్న తాటితో తేనెబుట్ట పైకి లాగింది, దించింది, మళ్ళీ లాగింది.

అప్పుడు చరియలో ఒక పగులు చప్పుడైంది.

ఆ చప్పుడు గనులవాడికి తెలుసు. రాయి తల్లిబండను విడిచే ముందు అలా పలుకుతుంది. మాట నోటికి వచ్చేలోపు తాడులో బరువు పోయింది.

శరభలింగం వెనక్కి పడబోయి ఆగాడు. తాడు అంచు మీదినుంచి వదులుగా వేలాడుతోంది. కింద రాయి తగిలిన చప్పుడు చాలాసేపటికి వచ్చింది. బయమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది.

బరువున్న తాడును పట్టుకోవడం కష్టమే. బరువు పోయిన తాడును పట్టుకుని ఉండటం ఇంకా కష్టం. దాన్ని వదిలెయ్యడానికి అడ్డేమీ లేదు. అవతల ఎవరూ లేరేమో. కళ్ళు వాచి మూతపడుతున్నాయి. చేతులు మాత్రం ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి.

"అన్నా," అంది బయమ్మ.

"పట్టుకునే ఉన్నా," అన్నాడు.

చాలాసేపటికి, ఎండుటాకు రాలినంత మెల్లగా, తాడు ఆడింది.

స్వామీ, బయమ్మా కూడా వచ్చి చెయ్యి వేశారు. ముగ్గురూ కలిసి లాగితే ఈదన్న అంచు మీదికి వచ్చి బోర్లా పడ్డాడు. మోచేయి చీరుకుంది. మొహం వాచి కుండలా ఉంది.

"ఏమైంది?" అని అడిగాడు శరభలింగం.

"ఏముంది? మెడ మీద ఈగ కుట్టింది. అబ్బా అని చరియలోని అరుగు మీదికి ఒక్క అడుగు పక్కకు జరిగినా. అంతకుముందు నేను కాలు మోపిన చోటే చెక్క లేచిపోయింది. తాడు ఆడిద్దామంటే చాలాసేపు చెయ్యి లేవలా, ఆ అరుగు మీదే నిలబడిపోయినా."

"ఎందుకు జరిగావు?"

"చెప్పినా గదా బావా. ఈగ కుట్టింది."

శరభలింగం అతని మొహంలోకి చూశాడు. నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాడు. వాచిన రెప్పల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉన్నాడు. ఈదన్నకేమీ అర్థం కాలేదు గానీ అతనూ నవ్వాడు. బయమ్మ ఇద్దర్నీ తిట్టి, ఆకులో తేనెగడ్డ పెట్టి అన్న చేతికిచ్చింది. అరచేతుల్లో తోలు లేదు. ఆకు పట్టుకోలేక వంగి నాలుకతో నాకాడు.

గుడిసెకు దిగి వస్తుంటే స్వామి అడిగాడు.

"తాడు పట్టుకున్నప్పుడు, ఈ లోకానికి అర్థముందా లేదా అని చూశావా?"

"తీరిక లేకపోయింది స్వామీ."

చినుకులు మొదలయ్యాయి.

"కట్టెలు బయటే ఉన్నాయి," అన్నాడు స్వామి.

శరభలింగం కళ్ళు కనపడకపోయినా తడుముకుంటూ ఉరికాడు.

కథ ఇంతే. ఇప్పుడు ఆ గుడిసె చోట మఠం లేచింది. మఠం పెద్ద చెన్నబసవయ్య గోడ మీద ఈ కథకు బొమ్మ వేయించాడు. అందులో స్వామి చెయ్యెత్తి మంత్రం వేస్తున్నాడు, ఈగలు పారిపోతున్నాయి, తాడు చక్కగా చెట్టుకు కట్టి ఉంది. ఈగలు పారిపోలేదు, కుట్టాయి. నేను పోయి చెప్పాను. చదువురానివాడివి, నీకేం తెలుసన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

అది పోనీ. ఆ దారిన పోయేవాళ్ళు ఎవరైనా కాస్త సున్నం, కాస్త రంగు పట్టుకుపోయి ఆ బొమ్మలో చెట్టుకున్న ముడి చెరిపేయండి. అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టండి. మొహం వాచి ఉండాలి. తాడు అతని చేతిలో ఉండాలి.