తిన్నవాడి తెడ్డు

దివాను సోమరాజుగారికి వ్యాకరణం వచ్చు, జాలి మాత్రం రాదు. పడవ ఆలస్యమైతే తెడ్లు వేసే ఎనిమిది మందికీ తలా అయిదు కొరడా దెబ్బలు వేయించేవాడు. ఆవేళ తన ఇంట విందులో మాత్రం వాళ్లందరికీ కలిపి ఒక్క విస్తరి వేయించాడు.

"ఇదేంటి దొరా?" అన్నాడు చుక్కాని పట్టే సరంగు కొండాలు.

"జట్టు అంటే ఏకవచనంరా! ఒక్క జట్టుకు ఒక్క విస్తరి."

ఒకడు తిన్నాడు, ఏడుగురు చూశారు. కొండాలుకు ఒళ్లు మండింది.

విందయ్యాక దివాను రాజుగారి కొలువుకని పడవెక్కాడు. నడి ఏట్లో పడవ గిర్రున తిరగసాగింది. చూస్తే, తిన్నవాడొక్కడే తెడ్డు వేస్తున్నాడు. మిగతా ఏడుగురూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"తెడ్లు వెయ్యండ్రా!"

"జట్టు వేస్తూనే ఉంది దొరా," అన్నాడు కొండాలు వినయంగా.

పడవ సుడివైపు జారింది. దివానుగారి తలపాగా ఏట్లో పడింది.

"చచ్చాన్రా! జట్టేంట్రా, కళ్లెదుట ఎనిమిది మంది కనబడుతుంటే!"

ఎనిమిది తెడ్లూ ఒక్కసారే నీళ్లలోకి దిగాయి.

"ఆ మాట మీ వంటవాడితో కూడా చెబుదురు గాని, పదండి దొరా," అంటూ కొండాలు పడవను వెనక్కి తిప్పాడు.