ఓడ దిగే దారి

పూర్వం ఒక తీరరాజ్యంలో రేవు ఒడ్డును నౌకాదళపతికి, విదేశీ దొరకు, వర్తకుల పెద్దకు పంచే బాధ్యత మంత్రి వీరభద్రయ్యపై పడింది. మూడు వాటాలూ తేలేసరికి బెస్తలకు పడవలు లాక్కునే చోటైనా మిగల్లేదు.

పడవ నడిపే నూకయ్య చేతులు కట్టుకున్నాడు. "పొమ్మంటే పోతాం బాబయ్యా. మా పడవ ఎక్కకుండా ఓడ మీంచి వచ్చి ఎవరు ఎక్కడ దిగగలిగితే, ఆ చోటు వారికే ఇప్పించండి."

"అంతేనా?" అని నవ్విన దళపతి సముద్రం వైపు చూసి ఆగిపోయాడు. కెరటాల ధాటికి జడిసి ఓడలన్నీ అల్లంత దూరాన లంగరు వేసి ఉన్నాయి. ఆ కెరటాలను దాటగలిగేవి, దెబ్బకు విరగక వంగేలా బెస్తలు తాళ్లతో కుట్టిన పడవలే.

మంత్రికి తాను ఈ రేవులో దిగిన రోజు గుర్తొచ్చింది. పంచె తడవకుండా తనను పడవ నుంచి ఒడ్డుకు భుజాన మోసుకొచ్చిన నూకయ్యకు ఆనాడు ఒక్క మంచిమాటైనా చెప్పలేదు. ఇప్పుడు లేచి నమస్కరించాడు.

"ముందుగా నువ్వే మీవాళ్లకు కావలసినంత ఒడ్డుకు గీత గీయి నూకయ్యా. మిగిలింది వీళ్లకు పంచుతాను."