తెగని పోగులు

పరంజ్యోతిగారిని ప్రశ్న అడగడం తేలికే, జవాబు రాబట్టడమే కష్టం. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో నడిపిస్తారు. కాళ్ళు నొప్పి పుట్టాక గానీ సంగతి బోధపడదు.

ఆయన శిష్యుడు ప్రభాకరం ఆశ్రమానికి రాకముందు కాలేజీలో నేరశాస్త్రం చెప్పినవాడు. ఆ ఉదయం అతని చేతిలో ఒక రాజీ కాగితం ఉంది. భర్త కొట్టాడని భద్రావతి అనే నేతపని ఆవిడ మూడు రోజులుగా ఆశ్రమంలో తలదాచుకుంటోంది. పోలీస్ స్టేషన్‌కి వెళతానంటోంది. కులపెద్దలేమో గురువుగారు ఓ మంచిమాట చెప్పి కాపురానికి పంపెయ్యాలని కబురు పెట్టారు. మంచిమాటలకు మన ఊళ్ళలో ఎప్పుడూ కరువు లేదు.

“గురువుగారూ! భర్త మార్కండేయులు చిన్నప్పుడు తండ్రి చేతిలో చావుదెబ్బలు తిన్నాడు. తాగుడు అలవాటుంది. నేతలో గిట్టుబాటు లేదు. కోపమొస్తే ఒళ్ళు తెలియదట. ఇన్ని కారణాలున్న మనిషిని నేరస్థుడనవచ్చా?” అని అడిగాడు ప్రభాకరం. ఆ కారణాలన్నీ చక్కని దస్తూరీతో కాగితం మీద అప్పటికే రాసేశాడు. ఆవిడ వీపు మీది వాతల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

“పద, మగ్గం చూసొద్దాం” అన్నారు గురువుగారు. భద్రావతి కూడా వెంట వచ్చింది.

ఇల్లు ఒకటే గది, గదంతా మగ్గమే. నేస్తున్న మార్కండేయులు మగ్గం గుంటలోంచి లేచి దణ్ణం పెట్టాడు. భార్య వంక చూడలేదు.

“పడుగు ఎన్ని పోగులు నాయనా?”

“నాలుగు వేల పైచిలుకండి.”

“మొన్న గొడవలో ఎన్ని తెగాయి?”

మార్కండేయులికి పౌరుషం పొడుచుకొచ్చింది. “ఒక్కటి తెగితే ఒట్టండి! పడుగు ముందర నేను గట్టిగా దగ్గను కూడా. ఎంత కోపమొచ్చినా సరే, పెళ్ళాన్ని దొడ్లోకి లాక్కెళ్ళాకే చెయ్యెత్తుతాను.” అని, మెచ్చుకుంటారేమోనన్నట్టు నిలబడ్డాడు.

ప్రభాకరం అప్పుడు చూశాడు భద్రావతి వైపు. మూడు రోజుల్లో అదే మొదటిసారి. ఆమె రాట్నం పక్కన నిలబడి రెండు చేతులూ చాపింది. చిన్న గీత కూడా లేని చేతులు.

“వీటి మీద ఎప్పుడూ కొట్టడండి. నూలు కండెలు చుట్టాలి గదా” అంది. చేతులు దించి, “నన్ను స్టేషన్‌కి పంపించండి. ఈ ఇంటికి మటుకు పంపమాకండి” అంది.

“రాజీ కాగితం వెనక్కి తిప్పు. ఆవిడ చెబుతుంది, నువ్వు రాయి” అన్నారు గురువుగారు. మార్కండేయులు ఏదో అనబోయాడు గానీ, వాకిట్లో జనం పోగవడం చూసి ఊరుకున్నాడు. కోపాన్ని అప్పుడు కూడా బాగానే దిగమింగాడు.

రాయడం అయ్యాక ముగ్గురూ స్టేషన్ దారి పట్టారు. భద్రావతి ముందు నడుస్తోంది. ప్రభాకరానికి సిగ్గుతో తలెత్త బుద్ధి కాలేదు. అయినా చదువు ఊరుకోనివ్వదు కదా.

“అయితే గురువుగారూ, ఇవతలివైపు నేను రాసిన కారణాలన్నీ అబద్ధాలేనా?”

“అన్నీ నిజమే అయ్యుంటాయి” అన్నారు ఆయన. “ఒళ్ళు తెలియని కోపానికి దొడ్డి తలుపు ఎలా తెలిసిందో, అదొక్కటే రాయలేదు నువ్వు.”