రణభేరి వార్లు

పూర్వం ద్వాపరయుగారంభంలో, వేణుమతీ నదీతీరాన హిరణ్యవాటిక అనే నగరాన్ని శత్రుభయంకరుడూ సత్యసంధుడూ అయిన ప్రతీకసేన మహారాజు ఏలుతుండగా, ఆ రాజ్యంలో పెద్దలు పెట్టిన ఒక కట్టడి ఉండేది. సేనను నడిపించడం రాజు పని. యుద్ధానికి పంపాలా వద్దా అని తేల్చడం సభ పని. అందుచేత రణభేరి కోటలో ఉన్నా, దాన్ని బిగించే తోలువార్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క సభాసదుని ఇంట్లో ఉండేవి. సభ సమ్మతించి, సభాసదులు వాటిని తమ చేతులతో తెచ్చి కడితేనే భేరి పలికేది. కోటగుమ్మంలోకి వచ్చిన శత్రువును తరమడానికి మాత్రం రాజు ఎవరినీ అడగనక్కరలేదు, తన శంఖం పూరిస్తే చాలు.

ఒకప్పుడు దానవులు దండెత్తి రాగా సభాసదులు వార్లన్నీ కట్టి, విజయం కలిగాక వాటిని విప్పుకుపోవడం మరిచారు. తరువాత గుర్తుకొచ్చినా, అడగడానికి ఒకరికి మొహమాటం, మరొకరికి భయం. బిగిసిన భేరి బిగిసినట్టే ఉండిపోయింది. రాజు తనకు తోచినప్పుడల్లా దాన్ని మోగించి, అడవిరాజుల మీదికీ కొండరాజుల మీదికీ వెళ్లివచ్చేవాడు.

ఆ దండయాత్రల్లో మహారాణి సుమేధాదేవి తన తమ్ములకు తిలకం దిద్ది పంపింది, పెద్దకొడుకు చిత్రబాహుడికి దిద్ది పంపింది. వారిలో ఎవరూ తిరిగి రాలేదు. ఇప్పుడు యక్షులు ఆలమందలను నది దాటించుకుపోయారని రాజు కోపించి, చిన్నకొడుకు ఉత్పలుణ్ణి ముందునిలిపి నది దాటడానికి సిద్ధమయ్యాడు. అది విన్నది మొదలు ఆ సాధ్వి ఒక్కచోట కూర్చోలేక, దీపం వెలిగించబోయి వత్తి మరిచి, మేడ ఎక్కి ఎందుకెక్కిందో తెలియక దిగి, చివరకు చెప్పులైనా లేకుండా సభామంటపానికి నడిచింది.

"మేము వెళ్లమనలేదమ్మా, వద్దనీ అనలేదు" అన్నాడు వయోవృద్ధుడైన సభాపతి హర్యంకుడు.

"గెలిస్తే వద్దనలేదంటారు, ఓడితే పంపలేదంటారు. తాతగారూ, నా పెద్దకొడుకును పంపింది ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. ఎవరిని పట్టుకుని అడగను? పంపుతారా, పంపుతామనండి. వద్దా, వద్దనండి. ఏదో ఒకటి నోటితో అనండి."

 హర్యంకుడు చేతికర్ర అందుకుని కోటకు బయలుదేరాడు.

అప్పటికే రాజు భేరి ముందు దాన్ని మోగించే దండం ఎత్తి ఉన్నాడు. "ఇన్నేళ్లకు సభకు మెలకువ వచ్చిందా తాతా?" అని నవ్వాడు.

"వచ్చింది నాయనా. నిద్రపోవడం మా తప్పే. నా తోలువారు నాకిచ్చెయ్యి."

"శత్రువు ఎదుట నా చేతులు కట్టేస్తారా?"

"గుమ్మంలోకి వస్తే నీ శంఖం నీకుంది. నది దాటాలంటే మమ్మల్నడుగు. పట్టాభిషేకం నాడు నువ్వు ఒప్పుకున్న మాటే ఇది."

ఏళ్ల తరబడి ఎండి రాయిలా గట్టిపడ్డ ముడి ఆ ముసలి గోళ్లకు లొంగలేదు. రాజు కాసేపు చూసి, దండం కింద పెట్టి, వంగి తానే ఆ ముడి విప్పాడు. వెనకే రాణి వెంట మిగిలిన సభాసదులు వచ్చి ఎవరి తోలువారు వాళ్లు తీసుకున్నారు.

వదులైన ఆ భేరి నుంచి ప్రజాపతి పుత్రిక, వాగ్రూపిణి అయిన సభాదేవి ఆవిర్భవించి, రాణిని వరం కోరుకోమంది. సుమేధాదేవి చేతులు జోడించింది.

"కొడుకు ఆయుష్షు అడగాలని నోటిదాకా వచ్చింది తల్లీ. మరి మిగతా తల్లులు ఎవరిని అడుగుతారు? యుద్ధానికి పంపేవాళ్లు తమ పేరు చెప్పి మరీ పంపేలా, ఆ యుద్ధం ముగిసిననాడు వార్లు వాటంతటవే ఊడిపోయేలా అనుగ్రహించు."

దేవి తథాస్తు అని అంతర్ధానమైంది. సభ పొద్దువాలేదాకా వాదించి యుద్ధం వద్దని, దూతను పంపమని తీర్మానించగా, రాజు తలవంచి పాటించాడు. యక్షులు ఆలమందలను తిరిగి తోలారు. రాజ్యంలో వానలు వేళకు కురిశాయి.

అయినా లోకంలో యుద్ధాలు ఆగుతాయా? కొన్నేళ్లకు తప్పని యుద్ధమే వచ్చి, సభ పేరుపేరునా సమ్మతించి భేరిని బిగించింది. సుమేధాదేవి ఉత్పలుడికి తిలకం దిద్ది పంపింది. సేన రేపిన ధూళి అణిగినా ఆమె నది వైపే చూస్తూ నిలబడిపోయింది. ఈసారి ఆమె పక్కన, వార్లు కట్టిన సభాసదులందరూ నిలబడే ఉన్నారు. ఒక్కరూ ఇంటికి పోలేదు.