బిరుదులు ముగిసేదాకా

ఒకానొక రాజ్యంలో రాజుగారికంటే ఆయన బిరుదులే పొడుగు. వీరభూపతి కొలువుదీరగానే భట్టు అవి చదవడం మొదలుపెడితే, ఎండ నడినెత్తికొచ్చినా అయ్యేవి కావు. మధ్యలో ఎవరైనా లేచారో, ఉద్యోగం ఊడినట్టే.

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే ఓబమ్మకు ఆ పూటంతా ముళ్లమీద కూర్చున్నట్టుండేది. భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఎవరైనా నోట్లో పోస్తే తప్ప జావ దిగదు. ఆమె వచ్చేదాకా పాపం ఆకలితో గడపకేసి చూస్తూ పడుకోవలసిందే.

"కాస్త వెళ్లొస్తానని అడిగాను సింగనయ్యగారూ. 'నీ మొగుడి జావ గొప్పదా, నా కీర్తి గొప్పదా?' అన్నారు ప్రభువులు. కొలువు మానుకుందామంటే ఆ జావకీ గతిలేదు," అని ఆస్థాన విదూషకుడు సింగన దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

సింగనకు ఒళ్లు మండింది. తిన్నగా రాజమాత దగ్గరికి వెళ్లి ఓ మాట చెవిన వేశాడు. ముసలావిడ నవ్వి సరేనంది.

మర్నాడు సింగన భట్టును బతిమాలి, బిరుదులు చదవడం తానే అందుకున్నాడు. అవి సగంలో ఉండగా దాసి పరుగెత్తుకొచ్చింది.

"ప్రభూ! అమ్మగారు మందు తాగనంటున్నారు. తమరి చేత్తో పోస్తేనేనట!"

రాజు లేవబోయాడు.

"బిరుదులింకా సగమే అయ్యాయి ప్రభూ. మధ్యలో ఎవరూ లేవకూడదని తమరి ఆజ్ఞే కదా," అన్నాడు సింగన.

"ఆపు!"

"తమ కీర్తిని మధ్యలో తుంచడానికి నాకెన్ని గుండెలు! అరివీరభయంకరా... ఆ... ఆ..."

రాజు సింహాసనంమీద అటు కదిలాడు, ఇటు కదిలాడు. వాకిలికేసి చూశాడు. చెమటలు పట్టాయి. సింగన రాగం మాత్రం తెగలేదు.

"అమ్మ అక్కడ మందు లేకుండా పడి ఉంటే నీ రాగమేమిట్రా!" అంటూ రాజు లేచేశాడు.

సింగన చేతులు కట్టుకున్నాడు. "ఓబమ్మ రోజూ మనసులో ఇలాగే అరుస్తుంది ప్రభూ. తమరు లేవగలిగారు. ఆమె లేవలేదు."

రాజు ఓబమ్మకేసి చూశాడు. ఆమె తమలపాకు పట్టుకుని వాకిలికేసే చూస్తోంది.

"వెళ్లమ్మా," అన్నాడు. "రోజూ ఈ వేళకు వెళ్లిరా. నీ కొలువెక్కడికీ పోదు."

తానూ తల్లి దగ్గరికి పరుగెత్తాడు. మందుగిన్నె ఖాళీగా ఉంది.

"ఎప్పుడో తాగేశాను నాయనా. సింగన అడిగితే కాస్త మొండికేశానంతే," అంది రాజమాత.

రాజుకు కోపం రాబోయి నవ్వొచ్చింది. సింగనను పిలిచి, "నీకో బిరుదిస్తానోయ్!" అన్నాడు.

"వద్దు ప్రభూ! అది చదివేలోగా ఎవరింట్లో జావ చల్లారిపోతుందో!"

రాజు పగలబడి నవ్వి, మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు.

ఆనాటి నుంచి జావ వేళకు రాజుగారే తాంబూలం చుట్టుకునేవారు. సున్నం ఎక్కువై నోరు పొక్కేది. అయినా ఓబమ్మ వచ్చేదాకా కిక్కురుమనేవారు కాదట.