ఎర్రగట్టు ఇప్పగింజలు

సోమలింగానికి వచ్చిన చిక్కల్లా భక్తి ఎక్కువ కావడమే. భక్తి ఉండాలి, కాదనం. ఉప్పు మంచిదని చారు నిండా ఉప్పే పోసుకుంటామా మరి?

ఎర్రగట్టు కింద పుల్లప్ప తాత ఆశ్రమం ఉండేది. రెండు పాకలు, ఒక నీటి ఊట, వాకిట్లో ఓ ముసలి ఇప్పచెట్టు. తాతకు గురువైన పెద్దతాత బతికినన్నాళ్లూ ఆ చెట్టు కిందే కూర్చున్నాడు, ఆ చెట్టు కిందే కన్నుమూశాడు. తాత శిష్యుడు సోమలింగం రోజూ లేవగానే ముందు ఆ చెట్టుకు మొక్కి, తర్వాతే ముఖం కడుక్కునేవాడు.

ఓ ఎండాకాలం గట్టుకు అగ్గి తగులుకుని అక్కడి ఇప్పవనమంతా మాడిపోయింది. మరుసటేడు ఊట సన్నగిల్లింది. కింద ఊరు కూడా ఆ ఊట నీళ్లే తాగుతుంది. తాత సోమలింగాన్ని పిలిచి, "గట్టు మీద మళ్లీ వనం లేపాలి నాయనా. నారు పోసే పని నీది," అన్నాడు.

ఇప్పగింజ ఎక్కువ రోజులు ఆగదు. రాలిన కొత్తలోనే మట్టిలో పడాలి, లేదంటే మొలక చచ్చిపోతుంది. ఈ వానలకు తప్పితే మళ్లీ ఏడాది దాకా ఎదురుచూడాల్సిందే.

సోమలింగం పెద్దతాత చెట్టు కింద రాలిన గింజలు ఏరి గంపలు నింపాడు. సంగతి తెలిసి ఊళ్లో ఆడవాళ్లు కూడా తమ చెట్ల గింజలు కొంగున కట్టుకొచ్చి ఇచ్చారు. అతను మర్యాదగానే తీసుకున్నాడు. తీసుకుని, వాళ్లు వెళ్లగానే గానుగకు పంపించాడు, దీపానికి నూనె అవుతుందని.

"గట్టంతా పెద్దతాత చెట్టు బిడ్డలే ఉంటాయి తాతా. ఒక్క పరాయి గింజ కలవనివ్వను. రేపు ఎవరు ఏ చెట్టుకు మొక్కినా ఆయనకు మొక్కినట్టే," అన్నాడు పొంగిపోతూ.

తాత గంపలోంచి ఒక గింజ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాలుగు రోజులు ఆగి విత్తు," అన్నాడు. గింజను మళ్లీ గంపలో వేసి, "రేపట్నుంచి భిక్షకు ఈరమ్మ ఇల్లొక్కటే చాలు. ఇంకెక్కడికీ పోవద్దు," అన్నాడు.

సోమలింగం తెల్లబోయాడు. ఆ ఆశ్రమంలో పొయ్యి వెలిగించరు. పొద్దున్నే పాత్ర పట్టుకుని గడపగడపకూ వెళ్లి ఇంటికో ముద్ద తీసుకోవడమే వాళ్ల పద్ధతి. పొద్దు నడినెత్తికి వచ్చాక ఇక అడగకూడదు. అయినా గురువు మాట. పైగా ఈరమ్మ చేతి వంటంటే ఊళ్లో అందరికీ నోరూరుతుంది.

ఈరమ్మ కొర్రన్నం, చింతచిగురు పప్పు పాత్ర నిండా పెట్టింది. "తిరిగే పని కూడా తప్పింది తాతా," అన్నాడు సోమలింగం హాయిగా. తాత తలూపి తిన్నాడు. మిగతా ఇళ్లవాళ్లు రెండు రోజులు చూసి, సామి మన గుమ్మం తొక్కడం మానేశాడనుకుని, ముద్ద తీసిపెట్టడం మానేశారు.

నాలుగోనాడు ఈరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. కూతురికి నొప్పులొచ్చాయని కబురొస్తే తెల్లారకముందే వెళ్లిపోయింది పాపం. ఆమెను ఏమనగలం? వస్తుందేమోనని సోమలింగం అరుగు మీద కూర్చున్నాడు. చూసి చూసి లేచేసరికి ఊరంతా పొలాలకు పోయింది, పొద్దు నెత్తిమీదికొచ్చింది.

ఖాళీ పాత్రతో తాత ముందు నిలబడ్డాడు. తన ఆకలి అతనికి పట్టలేదు. ముసలాయన పస్తుండాల్సి వచ్చిందే అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

తాత లేచి కుండలో నీళ్లు ముంచి, ముందు శిష్యుడికిచ్చాడు. తర్వాత తాను తాగాడు. "ఈరమ్మ మంచిది," అన్నాడు. అంతే. వెళ్లి గింజల గంపల పక్కన కూర్చున్నాడు.

సోమలింగం పాత్రను చూశాడు. గంపలను చూశాడు. అక్కడ ఒక్క గడప, ఇక్కడ ఒక్క చెట్టు. ఒక్క ఉదుటున గానుగ దగ్గరికి పరుగెత్తాడు.

"నిన్ననే ఆడించేశాను సామీ. నూనె బాగా దిగింది," అన్నాడు గానుగ కాశప్ప సంతోషంగా.

ఇక మళ్లీ అడగాల్సిందే. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? ఆ ముఖమే పెట్టుకుని, భుజాన జోలె వేసుకుని, జనం పొలాల నుంచి తిరిగొచ్చే వేళకు మొదటి గడప ముందు నిలబడ్డాడు.

"గింజలు పెట్టు తల్లీ. గట్టంతా పెద్దతాత చెట్టు గింజలే వేయాలని, మొన్న మీరిచ్చినవి నూనెకు పంపాను. బుద్ధి తక్కువ పని చేశాను."

ఆ ఇంటి ముసలామె తిమ్మక్క అతన్ని ఎగాదిగా చూసింది. "ఒక్క తల్లి బిడ్డలతోనే గట్టంతా ఊరు కట్టాలనుకుంటివే, పెండ్లికి పిల్లనెక్కడ తెస్తావు సామీ?" అంది. నవ్వుతూనే చేట తెచ్చి దోసెడు గింజలు పోసింది. "మాది గట్టు అంచున వంకర చెట్టే. అయినా అగ్గిలో కాలి కూడా మళ్లీ చిగురేసింది." అతని ముఖం చూసి, అడక్కుండానే తాతకో చెంబు మజ్జిగ, అతనికో చెంబు మజ్జిగ ఇచ్చింది. అడక్కుండా పెడితే తప్పు లేదు.

పక్కింటామె తన చెట్టు గాలివానలన్నీ పోయాకే పూస్తుందని, పూత రాలదని గొప్పగా చెప్పింది. ఆ పైయింటాయన తన చెట్టు కింద మట్టే లేదు, ఉత్త బండరాయి అన్నాడు. గింజలింకా రాలుతున్నాయి రమ్మని వెంటబెట్టుకుని పోయి, తానే వంగి ఏరిచ్చాడు. లేదన్న గడప ఒక్కటీ లేదు.

సోమలింగం ప్రతి గడపకూ దండం పెట్టాడు. ఇన్నేళ్లూ ఈ ఊరి అన్నమే తిన్నాడు. తనను బతికించింది ఇంతమందా అని ఆ సాయంత్రమే మొదటిసారి అనిపించి, గుండె నిండిపోయింది.

ఆశ్రమానికొచ్చి మజ్జిగ తాత చేతికిచ్చి, జోలె కుమ్మరించాడు. సన్నవి, లావువి, నల్లవి, ఎర్రటివి, ఒకదాని తీరు ఒకదానికి లేదు. చాలాసేపు వాటిని చూసి, చివరికి గంపల వైపు తిరిగి భయం భయంగా అడిగాడు.

"మరి పెద్దతాత గింజలు ఏం చేయమంటారు తాతా? తీసేయమంటారా?"

తాత గంపలోంచి దోసెడు తీసి కుప్పలో కలిపాడు.

"తీసేయడమెందుకు నాయనా? ఆయనదీ ఒక గడపే."